దొంగ ఎండ

పోయిన సోమవారం మా పై అధికారి నా రిపోర్టు ఒకటి తిప్పి పంపాడు. బరంపురం శివార్లలో ఒక డాబా మీద సోలార్ ప్యానెళ్ళు పరీక్షించి రాసింది. అంకెల్లో తప్పు లేదు. 'పరీక్ష సమయంలో వెలుతురు స్వభావం' అనే గడిలో 'నిర్మలాకాశం' అనో 'పలచని మబ్బు' అనో ఉండాల్సిన చోట, ఇంగ్లీషు అక్షరాల్లో 'నెత్తళ్ళ ఎండ' అని ఉంది. నా చేతిరాతే. ఆయన దాని కింద ఎర్రగీత గీసి, 'ఇది ఏ ప్రమాణం ప్రకారం?' అని అడిగాడు.

నాకు నవ్వొచ్చింది. ఆ ప్రమాణం పెట్టిన మనిషికి చెబితే నాకంటే ఎక్కువ నవ్వుతుందని రామయ్యపట్నానికి ఫోన్ చేశాను. ఆమె తియ్యలేదు. కోడలు తీసింది.

"ప్లేట్ల బాబేనా? నీ పేరు ఫోన్లో అలగే ఉన్నాది. అత్త పోయి పన్నెండు రోజులైపోనాది బాబూ. ఎవులెవులికి సెప్పాలో తెలీక నీకు సెప్పనేదు."

ఫోన్ ఎందుకు చేశానో అదే చెప్పాను. కోడలు నవ్వింది. "రాస్తే తప్పేటి? ఆ రోజు నెత్తళ్ళ ఎండే కాసిందేమో" అంది.

రిపోర్టు ఇంకా సరిచెయ్యలేదు. ముందు ఇది రాస్తున్నాను.

*

మూడేళ్ళ కిందట బరంపురంలో డిప్లొమా ముగించి ఉద్యోగంలో చేరగానే నాకు అప్పగించిన మొదటి పని, ఒడిశా తీరాన తెలుగు జాలర్ల ఊరు రామయ్యపట్నంలో చేపలు ఎండబెట్టే యంత్రం. యంత్రమంటే పెద్ద విషయమేమీ కాదు. పారదర్శకమైన ప్లాస్టిక్ కప్పుతో ఒక పొడుగాటి గూడు, లోపల చేపలు పరిచే జల్లెడ అరలు, ఒక చివర గాలిని లాగే ఫ్యాన్లు, ఆ ఫ్యాన్లు నడవడానికి గూటి పక్కన మోకాలెత్తులో ఒక తగరపు రేకు మీద ఆనించి బిగించిన నాలుగు సోలార్ ప్యానెళ్ళు (ఊరివాళ్ళ మాటలో ప్లేట్లు). ఇసుక పడదు, ఈగ వాలదు, కాకి తన్నుకుపోదు, వాన వస్తే పరిగెత్తక్కర్లేదు. ఊరి ఆడవాళ్ళ సంఘానికి దాన్ని ఒక సీజను పాటు పరీక్షకి ఇచ్చారు. సరిగా నడిస్తే ఉంటుంది. నడవకపోతే విప్పి ఇంకో ఊరికి పట్టుకుపోతారు.

నేను ఫోన్ చేసిన మనిషి ఆ సంఘానికి అధ్యక్షురాలు కాదు, కార్యదర్శి కాదు. ఏ కాగితంలోనూ పేరు లేదు. కానీ ఆమె తలూపకపోతే ఆ తీరంలో ఒక్క నెత్తలి చేప కూడా ఇసుక మీదికి దిగదు. అందరికీ పెద్దమ్మ. పొట్టి మనిషి. ఎడమ భుజం మీద ఎప్పుడూ ఒక పాత ఎర్రచీర మడత. అదే తువ్వాలు, అదే తలకింద దిండు, అదే కాకులకి జెండా. రెండు మోకాళ్ళూ పాడైపోయాయి. కూర్చుంటే లేవడానికి మూడు దశలు: ముందు చేతులు, తర్వాత ఒక బూతు, తర్వాత నడుము.

మొదటిరోజు నేను సంచిలోంచి అరచేతిలో పట్టే మీటరు తీశాను. దాని నెత్తిన తెల్లటి గుండ్రటి కన్ను ఉంటుంది.

"అదేటి?" అంది.

"ఎండని కొలిచే మీటరు."

"ఎండని కొలుత్తావా? కొలిసి ఎవులికి అమ్ముతావు?"

చుట్టూ ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. ఎంత ఎండకి ప్యానెల్ ఎంత కరెంటు ఇవ్వాలో లెక్క ఉంటుందని, అది సరిగా ఇస్తోందో లేదో చూడాలంటే ముందు ఎండ ఎంతో తెలియాలని చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, సూర్యుడికి వీపు తిప్పి, జాకెట్టు పైన వీపుకి ఎండ ఆనేలా కాసేపు కళ్ళు మూసుకుని నిలబడింది.

"నెత్తళ్ళ ఎండ. ఇంకా గంటన్నర ఉంటాది. నీ మీటరేటంటంది?"

మీటరు ఒక అంకె చెప్పింది. అంకె చెప్పాను.

"అంకె నాకెందుకు బాబూ? ఎంతసేపుంటాదో సెప్పమను."

మీటరు అది చెప్పలేదు. గంటన్నర తర్వాత ఎండ మారింది.

ఆమె లెక్కలో ఎండ ఒకటి కాదు, ఆరు. నా నోటుబుక్కులో ఉన్న వరసలోనే ఇస్తున్నాను. ఒకటి, పిల్ల ఎండ: పొద్దు పొడిచాక గంటసేపు, ఇసుక మీద మంచు ఆరబెట్టడానికి తప్ప ఎందుకూ కొరగాదు. రెండు, నెత్తళ్ళ ఎండ: గాలిని వెంటబెట్టుకుని వచ్చే పూర్వాహ్నపు ఎండ, సన్నటి నెత్తళ్ళు ఆరడానికి సరైనది. మూడు, దొంగ ఎండ. నాలుగు, సొర ఎండ: సాయంత్రం ఏటవాలుగా ఎర్రగా పడేది, సొరచేప మందపాటి ముక్కల లోపలికి దిగుతుందట. ఐదు, సున్నపు ఎండ: మబ్బు అంతటా పరుచుకున్నప్పుడు నీడ అనేది లేకుండా నలువైపుల నుంచీ తెల్లగా వచ్చే వెలుగు. "అది ఎండ కాదు, ఎండ ఫొటో" అనేది. ఆరు, అంచు ఎండ: మబ్బు పక్కకి తొలగే క్షణంలో దాని అంచు మీదనుంచి దూకేది. అన్నిటికన్నా చురుకు, అన్నిటికన్నా తక్కువసేపు.

నేను మొదట నవ్వాను. తర్వాత మీటరు పెట్టి ఒక్కొక్కటే చూశాను. అంచు ఎండ నిజంగానే మబ్బులేని మధ్యాహ్నాన్ని మించింది. సూటిగా పడే ఎండకి మబ్బు అంచు నుంచి చెదిరిన వెలుగు తోడవుతుంది కాబట్టి. సాయంత్రపు వెలుగులో ఎరుపు పాలు నిజంగానే ఎక్కువ. గాలిలో ఎక్కువ దూరం నడిచి వచ్చేసరికి నీలం దారిలోనే చెదిరిపోతుంది. సిలికాన్ ప్యానెల్‌కి నీలం కన్నా ఎరుపు మీద, ఎరుపు దాటి మన కంటికి ఆనని వెలుగు మీద మక్కువ ఎక్కువ. మబ్బు రోజున కంటికి బాగానే వెలుతురున్నట్టు ఉంటుంది గానీ ప్యానెల్‌కి అందులో తిండి ఉండదు. ఎండ ఫొటో అన్నమాట అక్షరాలా నిజం. ఈ సంగతులన్నీ డిప్లొమాలో నేను ఒక పేజీ నిండా రాసి మార్కులు తెచ్చుకున్నవే. ఆమె వీపుతో నేర్చుకుంది.

ఒక్క మూడోదాని దగ్గర మాకు పోట్లాట వచ్చింది.

దొంగ ఎండ అంటే మిట్టమధ్యాహ్నపు ఎండ. పైకి దండిగా ఇచ్చినట్టుంటుంది, లోపల మోసం. ఆ ఎండకి చేప పైతోలు గభాల్న బిగుసుకుపోతుంది. లోపలి తడికి బయటికొచ్చే దారి మూసుకుపోయి అక్కడే కుళ్ళుతుంది. అందుకని ఆ ఊళ్ళో ఇసుక మీద ఎండే చేపలన్నిటి మీదా పదకొండున్నరకి పాత వలలు, తాటాకులు కప్పేస్తారు. రెండింటికి తీస్తారు. ఎవరూ గడియారం చూడరు. ఆమె ఎర్రచీర ఊపితే కప్పాలి, మళ్ళీ ఊపితే తియ్యాలి.

"చేపకి దొంగ కావచ్చు పెద్దమ్మా. ప్యానెల్‌కి అదే పండగ. మీటరు చూడు, రోజు మొత్తంలో ఇదే పెద్ద అంకె."

"నీ మీటరు సూత్తాదంతే. నా ఈపు తింటాది. ఆ ప్లేటు మీద ఓపాలి సెయ్యెట్టి సూడు."

పెట్టాను. వెంటనే తీసేశాను. అట్లపెనంలా ఉంది.

నిజాయితీగా ఉండాలని, ఉన్నమాట చెప్పాను. వెలుగు పెరిగితే ప్యానెల్‌లో కరెంటు పెరుగుతుంది. కానీ వేడి పెరిగితే వోల్టేజి తగ్గుతుంది. అర్థమయ్యేలా చెప్పమంది. "గంపలు మోసే ఆడవాళ్ళనుకో. ఎండ పెరిగినకొద్దీ మోసేవాళ్ళ సంఖ్య పెరుగుతుంది. వేడెక్కినకొద్దీ ఒక్కొక్కరూ ఎత్తగలిగే బరువు కాస్త తగ్గుతుంది. మొత్తం మీద లాభమే."

"అయితే దానికీ మెడ నొప్పెడతాదన్నమాట. మరి సల్లగుంటే?"

"చల్లగా ఉంటే మంచిదే పెద్దమ్మా" అన్నాను, ఒక బోల్టు బిగిస్తూ. బోల్టు మీద ఉన్న ధ్యాస మాట మీద లేదు.

*

యంత్రం మీద ఆమెకి ఎందుకంత పట్టుదలో నాకు ఒక రోజు కోడలే చెప్పింది. మోకాళ్ళు అలా అయ్యాక ఇసుక మీద చేపలు తిరగెయ్యడం, కాకుల వెంట పరిగెత్తడం ఆమె వల్ల కావడం లేదు. ఇంట్లో అందరూ 'ఇంక కూకో' అనడం మొదలుపెట్టారు. యంత్రంలో అరలు నడుమెత్తున ఉంటాయి, నిలబడి తిరగెయ్యొచ్చు.

ఆమె ఈ సంగతి నాతో ఒకే ఒక్కసారి అంది. అదీ ఫ్యాన్ల వంక చూస్తూ. "ఇది ఎల్లిపోతే నన్ను మూలనెట్టీస్తారు బాబూ. మూల కూకోడం నాకు సేతకాదు. అక్కడ ఏ ఎండా రాదు."

అందుకే జనవరిలో లెక్కలు తేడా వచ్చినప్పుడు నాకు నిద్రపట్టలేదు. ప్యానెళ్ళ పక్కన ఒక చిన్న పెట్టె ఉంటుంది. పది నిమిషాలకొకసారి కరెంటు ఎంత వచ్చిందో రాసుకుంటుంది. నెలకి ఒకసారి నేను ఆ లెక్క తీసి గ్రాఫు గీస్తాను. చూస్తే, రోజూ పొద్దున గీత చక్కగా కొండెక్కుతోంది, పదకొండున్నరకి నూతిలో పడ్డట్టు పడుతోంది, రెండింటికి మళ్ళీ లేస్తోంది. సరిగ్గా బలమైన ఎండ ఉన్నప్పుడే ఫ్యాన్లు మూలుగుతున్నాయి. చేపల్లో తడి ఉండిపోతోంది. ఇలాగే సాగితే పరీక్ష తప్పినట్టే.

కారణాల జాబితా వేశాను. వైర్లలో వదులు: లేదు. ఉప్పుగాలికి గాజు మీద పొర: పొద్దున్నే కడుగుతున్నారు. కాకిరెట్ట: ఉంది గానీ కాకులు మధ్యాహ్నం మాత్రమే రెట్ట వెయ్యవు. ప్యానెల్ లోపం: నాలుగూ ఒకేసారి చెడవు. వేడి: వేడి వల్ల కొంచెం తగ్గుతుంది, సగానికి పైగా కాదు. నేను పదింటికి పరీక్షిస్తే అంతా బాగుంది. మూడింటికి పరీక్షిస్తే అంతా బాగుంది. మధ్యలో నేను టీకొట్టు దగ్గర పూరీలు తింటూ ఉంటాను.

పెద్దమ్మని అడిగాను. "మధ్యాహ్నం ఫ్యాన్లు నెమ్మదిస్తున్నాయి, గమనించావా?"

"గమనించినాను. దానికీ కునుకు కావాలి కదా" అంది ఏ మాత్రం తొణక్కుండా.

చివరికి ఒక విషయం నా కంటబడింది. మంగళవారాల్లో గొయ్యి లేదు. నెలలో ఏ మంగళవారమైనా సరే, గీత నిండుగా ఉంది. సూర్యుడికి వారాలు తెలియవు. ఉప్పుకి తెలియవు. వైరుకి తెలియవు. వారాలు తెలిసినవాళ్ళు మనుషులే.

"పెద్దమ్మా, మంగళవారం ఏం చేస్తావు?"

"మంగళారం నాను గంపెత్తుకుని బరంపురం బజారుకెల్తాను. ఏం, నీకేటన్నా తేవాలా?"

ఆ తర్వాత వచ్చిన బుధవారం పూరీలు మానేసి, పదకొండున్నరకి ఐసు పెట్టెల చాటున నిలబడ్డాను. ఆమె ఎర్రచీర ఊపింది. ఆడవాళ్ళు ఇసుక మీది చేపలన్నీ కప్పేసి ఇళ్ళకి పోయారు. తర్వాత ఆమె ఒక్కతే నూతి దగ్గరికి వెళ్ళి, ఆ చీరని బకెట్లో ముంచి, నీళ్ళోడుతుండగా తెచ్చి, నాలుగు ప్యానెళ్ళ మీదా పొడుగ్గా పరిచింది. మూలల్లో చీర ఎగరకుండా గులకరాళ్ళు పెట్టింది. ముడతలు సరిచేసింది. ఆఖర్న ప్యానెల్ మీద రెండుసార్లు మెల్లగా తట్టింది, పసిపిల్లని జోకొట్టినట్టు.

"పెద్దమ్మా!"

ఉలిక్కిపడలేదు. "నువ్వా. గట్టిగా అరవకు" అంది.

"ఏం చేస్తున్నావు?"

"కనపడతలేదా? దొంగ ఎండ. కప్పినాను."

"కప్పితే కరెంటెలా వస్తుంది?"

"నువ్వే కదా సల్లగుంటే మంచిదన్నావు. నానేటన్నా సొంతంగా సేసినానా?" ఒక్కక్షణం ఆగి, "ఎండకెట్టిందేదైనా మజ్జాన్నం కప్పాల. సేపకైనా, ప్లేటుకైనా. నీ డిప్లొమాలో అది సెప్పనేదేటి?"

చెప్పలేదు. నా డిప్లొమాలో ఎవరూ ప్యానెల్ మీద తడిచీర కప్పలేదు.

నేను చీర తీసి ఫ్యాన్ల శబ్దం వినమన్నాను. ఒక్కసారిగా గుర్రుమన్నాయి. కప్పాను. మూలిగాయి. ఆమె ముఖం ముడుచుకుంది. కానీ ఓటమి అప్పుడే ఒప్పుకోలేదు. చీర ఎత్తి, తల లోపలికి దూర్చి చూసింది. "లోపల ఎర్రగా ఎంత ఎలుగున్నాదో సూడు! ఎలుగు ఎల్తంది కదా?"

"వెళ్తోంది, కొంచెం."

"అయితే సీరది తప్పు. రంగు మారుద్దాం."

ఈ లోగా సంగతి తెలిసి ఆడవాళ్ళు చేరారు. చీరలు వచ్చాయి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, ముదురు నీలం. అన్నీ పొడిగా, ఒకే మడతగా కప్పి, వరసగా కరెంటు ఎంతొస్తోందో చూసి రాశాను. నా ఉద్యోగ జీవితంలో అంత శ్రద్ధగా ఇంకే పరీక్షా చెయ్యలేదు. ఒక చీర పెళ్ళిచీర. ప్యానెళ్ళ మీది కాకిరెట్ట తుడిచాకే దాన్ని పరిచారు. అన్నిటి కిందా కరెంటు బాగా పడిపోయింది. పసుపు, ఎరుపు కాస్త నయం. వింత ఏమిటంటే, కింద చెయ్యి పెడితే చీకటిగా ఉన్న నీలం చీర కూడా మేము అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ ఇచ్చింది.

"అదెలగ? నాకు లోపలేటీ కనపడతలేదు" అంది కోడలు.

ఎరుపు దాటి ఇంకా వెలుగు ఉంటుందని, ఆ వెలుగు చాలా రంగుల గుండా జారిపోతుందని, మన కంటికి ఆనదు గానీ ప్యానెల్‌కి ఆనుతుందని చెప్పాను.

"అంటే గుడ్డ కప్పినా దానికి అవతల ఏటవుతందో తెలిసిపోతాది" అంది కోడలు. "మా అత్త కన్నే."

అందరికన్నా గట్టిగా నవ్వింది పెద్దమ్మే. నవ్వడం అయ్యాక, తన ఎర్రచీర మడిచి భుజాన వేసుకుని, ఎవరి వంకా చూడకుండా అడిగింది: "ఇన్నాళ్ళూ నానే సంపుతున్నానేటి దీన్ని?"

నేను మూలల్లోని గులకరాళ్ళు ఏరి పక్కన పడేశాను. అదే జవాబు.

*

ఆ మరుసటి వారం, గురువారం నాడే తనిఖీ. తనిఖీకి వచ్చిన అధికారి ఒడియా ఆయన, మంచివాడు, పద్ధతి మనిషి. వచ్చీ రాగానే నా గీతలన్నీ ముందేసుకుని కళ్ళజోడు సవరించుకున్నాడు. ఆయన ఫారంలో 'పనితీరు తగ్గుటకు కారణం' అని ఉంది. దాని కింద మూడు గడులు. యంత్ర లోపం. స్థల లోపం. వాడేవారి నిర్లక్ష్యం. దేంట్లో టిక్కు పెట్టినా ఫలితం ఒకటే: యంత్రం విప్పి తీసుకుపోవాలి.

ఆ సంగతి ముందురోజే పెద్దమ్మకి చెప్పాను. ఒక దారి కూడా చెప్పాను: మధ్యాహ్నాలు సముద్రం మీద పొగమంచు పట్టిందని అనొచ్చు. ఆయనకి తెలియదు.

"పొగమంచా? మాగమాసం మిట్టమజ్జాన్నం రామయ్యపట్నంలో పొగమంచు పట్టిందని నా నోటితో సెప్పమంటావా?" అంది. "యాభయ్యేళ్ళు ఎండ గురించి అబద్ధమాడనేదు బాబూ. ఇప్పుడాడితే రేపు నాను సీర ఊపితే ఎవులు సేపలు కప్పుతారు?"

కాబట్టి ఆమె ఏం చెబుతుందో నాకు తెలియదు. తనిఖీ వేళకి ఊరి ఆడవాళ్ళంతా చుట్టూ నిలబడ్డారు. ఆ ఊళ్ళో ఎండ విషయంలో ఆమె తప్పిందని అప్పటిదాకా ఎవరూ విని ఉండలేదు.

"మధ్యాహ్నం ఎందుకు తగ్గింది?" అని అధికారి ఒడియాలో నన్ను అడిగాడు. నేను గొంతు సవరించుకునేలోపే ఆమె ఒడియాలో అందుకుంది. ఆమె ఒడియా నా ఒడియా కన్నా బాగుంటుంది, బజారులో నేర్చింది కాబట్టి.

"నేను కప్పాను బాబూ. రోజూ. ఈ చీరతో."

అధికారి కలం మూడో గడి మీదికి జరిగింది.

"అదేం గడి?" అంది.

"వాడేవారి నిర్లక్ష్యం, మాఉసీ." మాఉసీ అంటే వాళ్ళ భాషలో పిన్ని.

"నిర్లక్ష్యమా!" భుజం మీది చీర తీసి ఆయన ముందు పరిచింది. "మోకాళ్ళు విరిగేలా నూతి దగ్గరికెళ్ళి, నీళ్ళు తోడి, తడిపి, రోజూ కప్పి తీశాను. నా మొగుణ్ణి కూడా ఇంత కనిపెట్టుకుని లేను. ఇది నిర్లక్ష్యమైతే లక్ష్యం ఏమిటో నువ్వు చెప్పు."

ఆడవాళ్ళు నవ్వు ఆపుకుంటున్నారు. ఇక నా వంతు. చల్లగా ఉంచితే మంచిదని చెప్పింది నేనేనని, ఎలా ఉంచాలో చెప్పలేదని ఒప్పుకున్నాను. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాని రోజులవి. ఆయన నా పేరు పక్కన ఏదో చిన్నగా రాసుకున్నాడు.

"టిక్కు పెట్టకముందు రెండింటి దాకా కూర్చో" అంది ఆమె. "ఇవాళ కప్పను. నీ కళ్ళతో చూసి వెళ్ళు."

కూర్చున్నాడు. ఆయన కోసం రొయ్యపొట్టు వేయించి తెచ్చారు. గురువారం ఆయన ఇంట్లో లక్ష్మీవారం, నీచు ముట్టరు. ముట్టకుండా ఆ వాసనలో రెండున్నర గంటలు కూర్చోవడం కూడా తనిఖీలో భాగమే అయింది. మధ్యలో రెండుసార్లు, "ఇవాళ గురువారమేనా?" అని నన్నే అడిగాడు.

పదకొండున్నర దాటింది. అలవాటు కొద్దీ ఆమె చెయ్యి భుజం మీదికి పోయింది. మళ్ళీ దించుకుంది. గీత కిందపడలేదు. ఫ్యాన్లు జోరుగా తిరుగుతున్నాయి. పన్నెండుకి నేను ఎండ మీటరు, కరెంటు పెట్టె రెండూ చదివాను. వెలుగు ఇంకా పెరిగింది. కరెంటు పెరిగింది. మొత్తం మీద శక్తి మాత్రం వెలుగు పెరిగినంత పెరగలేదు.

ఆమె నా ముఖం చూసి పసిగట్టింది. "ఏటి? తగ్గిందా?"

"తగ్గలేదు. పెరగాల్సినంత పెరగలేదు. వేడి వల్ల."

"సూసినావా!" అని లేచింది. చేతులు, బూతు, నడుము. అధికారి వైపు తిరిగి మళ్ళీ ఒడియాలోకి దిగింది. "నేను కప్పడం తప్పు. దొంగ అనడం తప్పు కాదు. ఇదిగో, వీళ్ళు దీన్ని తగరం మీద ఆనించి పెట్టారు. తగరం మీద చేప పెడితే ఏమవుతుంది? కింద మగ్గుతుంది. అందుకే మేం పెద్ద చేపల్ని పందిరి మీద వేస్తాం, కింద గాలాడుతుందని. దీన్నీ పైకెత్తమను. సముద్రం గాలి ఊరికే పోతోంది."

అధికారి నన్ను చూశాడు. "నిజమేనా?"

నిజమే. ప్యానెల్ వెనక గాలాడాలని నా పుస్తకంలో కూడా ఉంది. అక్కడ స్థలం కలిసొస్తుందని రేకు మీద బిగించింది మేమే.

ఆయన చాలాసేపు ఫారం వంక చూశాడు. తర్వాత మూడు గడుల కింద స్కేలు పెట్టి, పద్ధతి మనిషి కదా, మిగతా మూటితో సమానమైన కొలతలో నాలుగో గడి గీశాడు. దాని పక్కన ఒడియాలో 'అతి శ్రద్ధ' అని రాశాడు. టిక్కు పెట్టాడు. కింద, 'ప్యానెళ్ళు జానెడు ఎత్తు లేపవలెను. యంత్రము ఇక్కడనే ఉంచవచ్చును' అని రాసి సంతకం చేశాడు.

రొయ్యపొట్టు పొట్లం కట్టించుకుని వెళ్ళాడు. శుక్రవారానికి.

*

ప్యానెళ్ళు జానెడు లేపాం. మధ్యాహ్నపు లెక్కలు బాగుపడ్డాయి. నాకు ఆ ఊళ్ళో పని అయిపోయినట్టే. ఆఖరిసారి లెక్క తియ్యడానికి వెళ్ళినప్పుడు మిట్టమధ్యాహ్నం. ఇసుక మీద చేపలన్నీ కప్పి ఉన్నాయి. ఊరంతా కునుకులో ఉంది. ఆమె మాత్రం ప్యానెళ్ళ ముందు బోర్లించిన గంప మీద, నల్ల గొడుగు వేసుకుని కూర్చుంది.

"ఇక్కడేం చేస్తున్నావు?"

"కాపలా. ఊళ్ళో అందరికీ కప్పడం అలవాటు సేసినాను కదా. ఎవత్తైనా జాలిపడి కప్పీగలదు." కాస్త ఆగి, "నా సేతులూ ఊరుకోవు. ఇలగ గొడుగు పట్టుకుంటే ఆటికి పని."

పెట్టెలో చూశాను. కరెంటు ఉండాల్సినదాని కన్నా తక్కువ ఉంది. కాస్త కాదు, బాగానే తక్కువ. వైర్లు చూశాను. గాజు చూశాను. తర్వాత కింద చూశాను. గొడుగు నీడ మొదటి ప్యానెల్ కింది మూల మీద పడుతోంది. అరచేయంత.

మొహమాటపడుతూనే చెప్పాను. ప్యానెల్‌లో గళ్ళన్నీ ఒకే తాడు పట్టుకుని వల లాగేవాళ్ళ లాంటివని, ఒక్కడు చెయ్యి వదిలితే వరసంతా సడలుతుందని.

"ఇంత నీడకేనా?"

"ఇంత నీడకే."

గంప వెనక్కి జరుపుకుంది. "ఇప్పుడో?"

"ఇంకొంచెం."

మళ్ళీ జరిగింది. వెనక వలలు ఆరేసే రాట ఉంది. ఇంక జరగడానికి చోటు లేదు. నీడ ఇంకా వేలెడు ప్యానెల్ మీదే ఉంది. లేచి ఇంకోవైపు వెళ్ళమందామనుకున్నాను, కానీ ఆ మోకాళ్ళతో ఆమెని లేవమనలేకపోయాను.

ఆమె నీడ వంక చూసింది. పైకి చూసింది. గొడుగు మూసి ఒళ్ళో పెట్టుకుంది.

ఫ్యాన్లు జోరందుకున్నాయి.

"ఎంతొచ్చింది?" అంది, కళ్ళు చికిలించి.

"నిండుగా వచ్చింది పెద్దమ్మా."

"అయితే నువ్వెల్లి పూరీలు తినీసి రా. నానుంటాను."